లంగ్ ఫైబ్రోసిస్ టాబ్లెట్లు మొదలెట్టాక నాన్నకి ఎండ తగిలితే ఒళ్ళు కందిపోతోంది, కల్లానికి వెళ్ళొద్దంటే వినట్లేదు, ఏం చెయ్యాలి?

పల్నాడు_పిల్ల:

అందరికీ నమస్తే అండి, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్. మా నాన్నకి 66 ఏళ్ళు. పోయిన దసరా ముందు నుంచి పొడి దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మిరపకాయ ఘాటుకి వచ్చే దగ్గేలే అని ఊళ్ళోనే సిరప్పులు తాగుతూ లాగించేశారు, చివరికి నేను పోరి పోరి గుంటూరు తీసుకెళ్తే సీటీ స్కాన్ తీసి ఐపీఎఫ్, అంటే లంగ్ ఫైబ్రోసిస్‌లో ఒక రకం అన్నారు. ఊపిరితిత్తులు లోపల మచ్చకట్టి గట్టిపడిపోతాయట, గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు, ఇంకా ముదరకుండా నెమ్మది చెయ్యడమే మన చేతిలో ఉంది అన్నారు. పిర్ఫెనిడోన్ 200 టాబ్లెట్లు రాశారు, మొదట పూటకి ఒకటి, తర్వాత రెండు, ఇప్పుడు మూడేసి, మూడు పూటలా తిన్నాక.

అప్పుడు డాక్టర్ గారు ఎండలో తిరగొద్దండి అని ఒక్క మాట అన్నారు. మన దగ్గర ఏ జబ్బుకైనా ఎండలో తిరగొద్దు, చల్లటి నీళ్ళు తాగొద్దు అంటారు కదా, ఆ లెక్కలో విని వదిలేశాం.

ఫిబ్రవరిలో కాయ కల్లంలోకొచ్చింది. మిర్చి వేసేవాళ్ళకి తెలుసు, కల్లం అంటే పొద్దస్తమానం అక్కడే, కాయ తిరగబొయ్యాలి, తాలు ఏరించాలి, మబ్బేస్తే పట్టాలు కప్పాలి. మూడో రోజుకి నాన్నకి మెడ వెనక, చొక్కా పై గుండీ తీసి ఉండే చోట, ముంజేతులు, ముక్కు మీద ఎర్రగా కందిపోయింది, మంట, దురద. వేణ్ణీళ్ళు పోసినట్టుందమ్మా అంటారు. విచిత్రం ఏంటంటే వాచీ ఉండే చోట మాత్రం ఏమీ లేదు, గీత గీసినట్టు మామూలుగా ఉంది. యాభై ఏళ్ళు రోహిణి కార్తెలో కూడా పొలంలో నిలబడ్డ మనిషండీ, ఎప్పుడూ ఎండకి కందింది లేదు.

ఇంట్లో అందరూ వేడి చేసింది అన్నారు, బార్లీ, సబ్జా, మజ్జిగ, తలకి ఆముదం అన్నీ అయ్యాయి. ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చి, దగ్గు కూడా ఉంది కదా అని ఏవో క్యాప్సూల్స్ పది రోజులకి ఇచ్చారు. తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. ఇక నాన్న ఈ ఊపిరితిత్తుల గోలీల వల్లే ఇదంతా అని వాటిని ఆపేశారట, నాలుగు రోజులైంది, నాకు నిన్న అమ్మ చెబితే తెలిసింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, రోజూ పక్కన ఉండలేను.

ఇది నిజంగా మందు వల్లేనా, అలా ఆపేస్తే ప్రమాదమా, ఆపకపోతే ఎండకి ఏం చెయ్యాలి? డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. ఈలోపు ఎవరైనా ఇది పడ్డవాళ్ళుంటే చెప్పండి.

కరీంనగర్_తమ్ముడు:

అక్కా, మా బాపుకు సుత గివే గోలీలు, రెండేండ్ల సంది వాడుతుండు. మీరు రాసింది సదువుతాంటే మా ఇంటి ముచ్చటే రాసినట్టు అనిపిచ్చింది. మందు వల్లనే అక్కా, డౌటే లేదు, వాచీ కింద మంచిగున్నది అన్నరు సూడు, అదే గుర్తు. వేడికి అయితే వాచీ కింద సుత కావాలె కద, ఇది వెలుతురు పడ్డ కాడనే అయితది.

మా బాపుకు అయినప్పుడు మేం సుత మస్తు మజ్జిగ తాపినం. మజ్జిగ తాగితే కడుపు సల్లగైతది, చెయ్యి మీద పడే ఎండకు మజ్జిగ ఏం జేస్తది? మాకు ఇది సమజ్ అయ్యేసరికే నెల పోయింది. ఎండ పొడ మీద పడొద్దు, గంతే, ఒళ్ళు సల్లగుంచుడు కాదు. నీడల చెమటలు కారుకుంట కూసున్నా ఏం గాదు, సల్లటి గాలి కొడ్తున్నదని డిసెంబర్ల ఎండల కూసుంటే మాత్రం అయితది. మా బాపుకు చలికాలమే అయింది మొదలు, పొద్దుగాల పది గొట్టంగ వాకిట్ల ఎండ కాగుకుంట పేపర్ సదివిండు, అంతే.

గోలీలు మాత్రం సొంతంగ బంద్ పెట్టనియ్యకు అక్కా. మా సారు ఏం జెప్పిండంటే, ఏవన్న ఇబ్బంది అయితే ఫోన్ జెయ్యి, డోసు తగ్గియ్యాల్నా కొన్ని రోజులు ఆపాల్నా నేను జెప్త, మీ అంతల మీరు ఆపొద్దు అన్నడు. రెండు వారాలు దాటినంక మల్ల షురూ జెయ్యాలంటే మొదటి సంది, పూటకు ఒక్కటి కాడికెళ్ళి ఎక్కియ్యాలె. మీకు నాలుగు దినాలే అయింది, గురువారం దాక ఆగకు, ఇయ్యాలనే ఫోన్ కొట్టు.

ప్రకృతి_మిత్ర:

అమ్మా ఇంగ్లీషు మందులంటేనే సైడ్ ఎఫెక్టులు, ఒకదానికి వేసుకుంటే ఇంకోటి వస్తుంది. అవన్నీ పక్కన పెట్టి కలబంద గుజ్జులో నిమ్మరసం పిండి కందిన చోట రాసి పావుగంట లేత ఎండలో ఉండమనండి, మూడు రోజుల్లో చర్మం శుభ్రమవుతుంది. మా తాతల కాలం నుంచి ఇదే.

మందుల_షాపు_బాబాయ్:

పై పెద్దాయన చెప్పినది దయచేసి చెయ్యకండి. నిమ్మరసం చర్మం మీద ఉంచుకుని ఎండలోకి వెళ్తే మామూలు చర్మం కూడా కాలి బొబ్బలెక్కుతుంది, తర్వాత నెలల తరబడి నల్ల మచ్చ. పచ్చళ్ళకి నిమ్మకాయలు కోసి చేతులు కడుక్కోకుండా ఎండలోకి వెళ్ళిన ఆడవాళ్ళు మా షాపుకి ప్రతి ఏడూ వస్తారు. ఇప్పటికే కందిన చోట అది రాయడం అంటే పుండు మీద కారం.

అమ్మా, నేను బీఫార్మసీ చేసి 22 ఏళ్ళుగా షాపు నడుపుతున్నా, డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి. పిర్ఫెనిడోన్‌కి ఎండ పడకపోవడం బాగా తెలిసిన సైడ్ ఎఫెక్టే, డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితంలో కూడా రాసుంటుంది, ఎవరూ చదవరు. మందు రక్తంతో పాటు చర్మంలోకి కూడా చేరుతుంది, అక్కడ ఎండలోని అల్ట్రావయొలెట్ పడగానే దాన్ని పీల్చుకుని చుట్టూ ఉన్న చర్మాన్ని దెబ్బతీస్తుంది. అందుకే పదేళ్ళ కింద ఆరు గంటలు నిలబడ్డా కానిది ఇప్పుడు అరగంటకే అవుతుంది. మనిషి మారలేదు, చర్మంలో ఉన్న సరుకు మారింది.

నాకు అసలు అనుమానం వేరే. ఆ ఆర్ఎంపీ ఇచ్చిన క్యాప్సూల్స్ ఏంటి? స్ట్రిప్ మీద పేరు చూసి పెట్టండి. దగ్గుకి అని డాక్సీసైక్లిన్ ఇవ్వడం మామూలు, అది కూడా ఎండకి పడని మందే, రెండూ కలిస్తే అగ్గికి ఆజ్యం. సిప్రోఫ్లాక్సాసిన్ అయితే ఇంకో తలనొప్పి, అది పిర్ఫెనిడోన్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, మందు మోతాదు పెరిగిపోయినట్టు అవుతుంది. బీపీ ఉంటే ఆ టాబ్లెట్ పేరు చివర హెచ్ అనే అక్షరం ఉందేమో కూడా చూడండి, ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, నీరు పోయే మందు, దానికీ ఎండ పడదు. అన్ని స్ట్రిప్పులూ ఒక కవర్లో వేసి డాక్టర్ ముందు గుమ్మరించండి, ఒక్కటి కూడా ఇంట్లో వదలకుండా. మన వాళ్ళు అది వేరే డాక్టర్ ఇచ్చింది కదా అని దాచేస్తారు.

బొబ్బలు లేచినా, నోట్లో పుళ్ళు వచ్చినా, మొహం పెదాలు వాచినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ అంటూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి. అది ఎండ లెక్క కాకపోవచ్చు.

పల్నాడు_పిల్ల:

బాబాయ్ గారూ, అమ్మకి వీడియో కాల్ చేసి స్ట్రిప్పులన్నీ చూపించమన్నాను. డాక్సీసైక్లిన్ 100!! పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, ఏడు రోజులు వేసుకున్నారు. బీపీ టాబ్లెట్ చివర ఏ ఎమ్ అని ఉంది, హెచ్ లేదు. చేతులు వణికాయి నాకు. ఆర్ఎంపీ గారి తప్పు అని కూడా అనలేను, నాన్న ఆయనకి ఊపిరితిత్తుల మందు వాడుతున్నట్టే చెప్పలేదట, దగ్గు అని మాత్రమే చెప్పారట.

తమ్ముడూ నువ్వన్నట్టే ఆస్పత్రికి ఫోన్ చేశాను, క్యాప్సూల్స్ ఆపమన్నారు, అసలు టాబ్లెట్లు పూటకి ఒక్కటి చొప్పున మొదలెట్టమని, గురువారం చూసి చెబుతామన్నారు. థాంక్యూ థాంక్యూ.

ఇప్పుడు అసలు సమస్య, ఈ మనిషిని నీడలో కూర్చోబెట్టడం ఎలా? సన్‌స్క్రీన్ కొని పంపితే పెళ్ళికొడుకుని చేస్తున్నారా నన్ను అన్నారట.

తెల్లమచ్చల_తేజ:

మీ నాన్నగారి కేసు కాదు నాది, కానీ ఎండతో నాకున్నంత గొడవ ఎవరికీ ఉండదేమో కాబట్టి రాస్తున్నా. నాకు బొల్లి, ఇంటర్ నుంచి. దానికి సోరాలెన్ టాబ్లెట్ వేసుకుని రెండు గంటలు ఆగి లైటు మెషీన్లో నిలబడే ట్రీట్‌మెంట్ చేశారు, పువా అంటారు. అంటే మీ నాన్నకి వద్దన్నా వచ్చినదాన్ని నాకు కావాలని తెప్పిస్తారన్నమాట, చర్మాన్ని వెలుతురుకి రెచ్చగొట్టి రంగు రప్పించడానికి. లెక్కగా సెకన్లు చూసి ఇచ్చే వెలుతురు అది. నేనేం చేశానంటే ఒకరోజు లైటు అయ్యాక ఫ్రెండు పెళ్ళి ఊరేగింపులో మధ్యాహ్నం రెండు గంటలు తిరిగాను. మొహం కప్పుకున్నా, పాదాలు మర్చిపోయా. చెప్పుల పట్టీల డిజైన్ అచ్చు గుద్దినట్టు బొబ్బలు, పది రోజులు చెప్పులేసుకోలేదు. (అంతకుముందు ఒక పెద్దమనిషి మాట విని బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చున్న చరిత్ర కూడా ఉందిలెండి. బావంచాల్లో ఉండేది కూడా ఆ సోరాలెనే, ఎంత ఉందో ఎవరికీ తెలియదు అంతే తేడా. మూలికకి సైడ్ ఎఫెక్ట్ లేదు అనేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.)

అప్పట్నుంచి నేర్చుకున్నవి చెప్తా. జనం మర్చిపోయే చోట్లు: చెవుల పైన, మెడ వెనక, పాదాలు, చేతి వేళ్ళు, బట్టతల ఉంటే నడినెత్తి. పల్చటి తెల్ల తువ్వాలు నీళ్ళలో తడిపి నెత్తిన వేసుకుంటారు కదా మనవాళ్ళు, చల్లగా ఉంటుంది కానీ తడిసిన పల్చటి తెల్లబట్టలోంచి వెలుతురు ఇంకా బాగా దూరుతుంది. దళసరిగా నేసిన ముదురు రంగు బట్టే మేలు, బట్టని వెలుతురుకి ఎత్తి చూడండి, అవతల వెలుగు కనిపిస్తే అది పనికిరాదు. టోపీ అయితే క్రికెట్ టోపీ కాదు, చుట్టూ అంచున్నది. మబ్బు పట్టింది కదా అని బయటికెళ్ళడం కూడా మోసమే, మబ్బు వేడిని ఆపినంతగా దీన్ని ఆపదు.

సన్‌స్క్రీన్ గురించి, ఎస్‌పీఎఫ్ 50 ఒక్కటే చూసి కొనకండి, ఎండలోని అల్ట్రావయొలెట్‌లో యూవీఏ, యూవీబీ అని రకాలుంటాయి, ఆ నంబర్ ప్రధానంగా యూవీబీ గురించి. మందులతో వచ్చే ఈ కందడం ఎక్కువగా యూవీఏ వల్ల, దానికి డబ్బా మీద పీఏ అని పక్కన ప్లస్సులు ఉంటాయి, మూడో నాలుగో ప్లస్సులు ఉన్నది తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు మీద పొడుగ్గా పిండితే ఎంతొస్తుందో అంత మొహానికీ మెడకీ కలిపి. మనవాళ్ళు శనగగింజంత తీసి మొహమంతా సర్దుతారు, అది పౌడర్ రాసుకున్నట్టే. చెమట పడితే రెండు గంటలకి మళ్ళీ రాయాలి. నిజాయితీగా చెప్పాలంటే కల్లంలో చెమటకి, దుమ్ముకి అది నిలవదు, మీ నాన్నగారికి క్రీము కంటే చొక్కానే దిక్కు.

కరీంనగర్_తమ్ముడు:

తేజ అన్న జెప్పింది కరెక్ట్. మా బాపుతోని ట్యూబు కత సాగలే. యాభై గ్రాముల ట్యూబు మొహం, చేతులకు మంచిగ పూస్తే పది రోజులు సుత రాదు, పైసలు జూసి ఆయనే పిసినారి లెక్క పూసుకునుడు. మేం టైమ్ మార్చినం. పొద్దుగాల అయిదున్నరకు పొలం కాడికి పోతడు, తొమ్మిదింటికి ఇంటికి, మల్ల పొద్దు వాలినంక. మా డాక్టర్ సారు ఒక ఉపాయం జెప్పిండు, నీ నీడ నీకంటె పొట్టిగున్నంతసేపు బైట నిలబడకు, నీ నీడ నీకంటె పొడుగైనంక పో. గడియారం అవసరం లేదు, మా బాపుకు మస్తు నచ్చింది గది. పొద్దున సూర్యునికి నీళ్ళిడుస్తడు రోజు, అది సుత బంద్ జెయ్యాల్నా అని పరేషాన్ అయిండు, పొద్దు పొడిచేటప్పుడు ఎండల అంత జోరుండదు, నీళ్ళిడ్వు గని జల్ది లోపలికి రా అన్నరు.

ఇంకొకటి అక్కా, ఎండ సంగతి సరే, మిర్పకాయ ఘాటు, దుమ్ము ఆ ఊపిరితిత్తులకు మంచిదేనా? మాస్కు అన్న పెట్టుకొమ్మను.

క్యాబ్_నడిపే_అన్న:

మా ఆవిడకి ఇదే మందు కాదు గానీ మొటిమలకి డాక్సీ వాడినప్పుడు మొహం మండింది, అందుకే ఇది చదివా. నాకు అర్థమైన ఒక్క ముక్క చెప్తా. అద్దాలు వేసుంటే ఎండ తగలదనుకుంటాం. ముందు అద్దం బాగానే ఆపుతుంది, పక్క అద్దంలోంచి ఆ యూవీఏ అనేది వచ్చేస్తుంది. 14 ఏళ్ళుగా నడుపుతున్నా, ఏసీ వేసుకుని అద్దాలెత్తుకునే, నా కుడి చెయ్యి ఎడమ చెయ్యి పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల చేతుల్లా ఉంటాయి. ఏ మందూ లేకుండానే నాకిలా అయితే మందు వేసుకునేవాళ్ళకి బస్సులో కిటికీ సీటు ఎందుకు చెప్పండి. ఎండ పడని పక్క కూర్చోబెట్టండి పెద్దాయన్ని.

పల్నాడు_పిల్ల:

మూడు వారాల తర్వాత వచ్చాను, మర్చిపోయాననుకోకండి.

గురువారం డాక్టర్ గారు చూశారు. మందు ప్లస్ ఎండ ప్లస్ ఆ డాక్సీ, మూడూ కలిసి చేసిన పనే అన్నారు. కందిన చోటికి వేరే క్రీము ఇచ్చారు. టాబ్లెట్లు వారం పూటకి ఒకటి, తర్వాత రెండు, మొన్న సోమవారం నుంచి మళ్ళీ మూడు. లివర్ టెస్టు కూడా చేయించారు, ఈ మందుకి మొదటి ఆరు నెలలు నెలనెలా చేయించాలట, అది బాగానే వచ్చింది. ఈ మందు అస్సలు పడకపోతే నింటెడానిబ్ అని ఇంకోటి ఉంది కానీ దాంతో విరోచనాలు ఎక్కువ, ఇప్పుడే మార్చొద్దు అన్నారు. మిర్చి దుమ్ము గురించి నువ్వడిగింది నేనూ అడిగాను తమ్ముడూ, ఆయన అసలు కల్లం దరిదాపులకే వెళ్ళొద్దన్నారు. నాన్న తలూపారు. తలూపడం వరకే.

కానీ నీడ లెక్క మాత్రం అద్భుతంగా పనిచేసింది. సెల్‌ఫోన్‌లో టైమ్ చూసి రమ్మంటే వినని మనిషి, తన నీడ చూసుకుని తొమ్మిదింటికల్లా చెట్టు కిందకి వచ్చేస్తున్నారట. చొక్కా విషయం ఇంకా తమాషా. మా కల్లంలో కాయ ఏరడానికొచ్చే ఆడవాళ్ళు చీర మీద మగాళ్ళ పాత ఫుల్ చేతుల చొక్కాలు వేసుకుంటారు, మెడ దాకా గుండీలు పెట్టి, నెత్తికి గుడ్డ చుట్టి. ఎప్పుడూ చూస్తూనే ఉన్నాం, వాళ్ళకి తెలిసింది మనకి తెలియలేదు. అమ్మ నాన్న పాత ముదురు నీలం ఫుల్ చొక్కా బయటికి తీసి ఇదేసుకో అంటే, ఆడాళ్ళలా నేనేంటి అని ఒకరోజు అలిగారు. రెండో రోజు వేసుకుని వెళ్తే వాళ్ళలో ఒక పెద్దావిడ, ఇన్నాళ్ళకి మా యూనిఫారంలోకొచ్చావా అన్నయ్యా అందట, అందరూ నవ్వారట, ఆయనా నవ్వారట. అప్పట్నుంచి రోజూ అదే చొక్కా, ఉతకడానికి కూడా ఇవ్వట్లేదు అని అమ్మ గోల. మాస్కు మాత్రం గడ్డం కిందే ఉంటోంది.

సన్‌స్క్రీన్ ట్యూబు టాబ్లెట్ల డబ్బాలోనే పెట్టింది అమ్మ, టిఫిన్ అయ్యి టాబ్లెట్ మింగగానే ముక్కుకి, చెవులకి, చేతుల వెనక తనే రాసేస్తుంది, కళ్ళు మూసుకుని ఇంజెక్షన్ చేయించుకుంటున్నట్టు కూర్చుంటారట.

ముంజేతుల మీద కొత్తగా కందడం లేదు, పాతది పొక్కు లేచి ఊడిపోతోంది, నల్ల మచ్చ ఉంది ఇంకా. ఎల్లుండి టిక్కీలతో, అదే మిర్చి బస్తాలతో, లారీలో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్తానంటున్నారు, కిటికీ పక్కన వద్దు నాన్నా మధ్యలో కూర్చోండి అని చెప్పా, క్యాబ్ అన్నయ్యా మీ చేతుల సంగతి కూడా చెప్పా. అలాగేనమ్మా అన్నారు. డ్రైవర్ నంబర్ కూడా తీసుకున్నా, వెళ్ళాక ఫోన్ చేసి అడుగుతా ఎక్కడ కూర్చున్నారో.